గోదావరి డెల్టాలో స్టీపుల్‌చేజ్: గుర్రం సరే, నేల ఒప్పుకుంటుందా?

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇంగ్లండ్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ పందెం వీడియోలు ఫోన్లలో తిరుగుతాయి. ముప్ఫైకి పైగా గుర్రాలు ఒక్కసారే ఎత్తైన కంచెల మీదుగా దూకుతాయి. కొన్ని బోర్లా పడతాయి. రౌతును పోగొట్టుకున్న గుర్రం కూడా మందతో పాటే పరిగెడుతుంది. అది చూశాక గోదావరి జిల్లాల్లో ఒక ప్రశ్న సహజంగానే పుడుతుంది. గట్లు, బోదెలు, కాలువలు, డ్రెయిన్లు అడుగడుగునా ఉన్న ప్రాంతం ఇది. సంక్రాంతి పందేలంటే చెవి కోసుకునే జనం. మెట్ట వైపు ఎడ్ల పందేలు, గుర్రపు పందేలు ఎలాగూ ఉన్నాయి. మరి పొలాలకు అడ్డంపడి గుర్రాలు పరిగెత్తే ఆ ఆట ఇక్కడ ఎందుకు లేదు? తెస్తే నిలబడుతుందా?

సంక్షిప్తంగా

క్రాస్‌కంట్రీ స్టీపుల్‌చేజ్ పశువుల మేత బయళ్ల నుంచి, వాటి చుట్టూ వేసిన కంచెల నుంచి పుట్టిన పందెం. గోదావరి డెల్టా నీటి కోసం మలిచిన వరి భూమి. ఇక్కడి గట్లు దూకడానికి మరీ పొట్టివి, మరీ దగ్గరదగ్గరగా ఉన్నవి. నేల ఏడాదిలో ఎక్కువ కాలం బురదగానో, నెర్రెలు విచ్చిన గడ్డగానో ఉంటుంది. తీరప్రాంతపు ఉక్కపోత గుర్రానికి పడదు. చట్టం, డబ్బు చిక్కులు ఆ తరవాత వస్తాయి. డెల్టా అంచున ఉన్న మెట్ట నేలల్లో మాత్రం దీని చిన్న రూపాలకు కొంత వీలుంది.

ఒక పేరు, మూడు ఆటలు

మన పత్రికల్లో స్టీపుల్‌చేజ్ అనే మాట ఎక్కువగా కనిపించేది అథ్లెటిక్స్ వార్తల్లో. అవినాశ్ సాబ్లే 2022 కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లోనే. 28 అడ్డుకర్రలు దాటుతూ, 7 సార్లు నీటి గుంట మీదుగా దూకే ఆ పరుగు గుర్రపు పందేన్ని చూసి 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు మొదలుపెట్టినది.

రెండోది ఒలింపిక్స్‌లో ఉండే ఈవెంటింగ్ అనే గుర్రపుస్వారీ పోటీ. టోక్యోలో ఫవాద్ మీర్జా 23వ స్థానంలో నిలిచింది ఇందులోనే. ఈవెంటింగ్‌లో క్రాస్‌కంట్రీ ఒక భాగం. గుర్రాలు ఒకదాని తరవాత ఒకటి బయల్దేరతాయి, పోటీ గడియారంతో. పక్క గుర్రాన్ని తోసుకుంటూ వెళ్లే పని లేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు ముందు వరకూ ఈ పోటీలో స్టీపుల్‌చేజ్ అనే విడి భాగం కూడా ఉండేది. గందరగోళానికి అదొక కారణం.

మూడోది అసలు పందెం. గుర్రాలన్నీ కలిసి బయల్దేరి, అడ్డంకులు దూకి, ముందు చేరిందే గెలుపు. ఇందులోనూ రెండు రకాలున్నాయి. మామూలు స్టీపుల్‌చేజ్ గుండ్రటి ట్రాక్ మీద, ఒకే మాదిరి కంచెలతో సాగుతుంది. క్రాస్‌కంట్రీ రకంలో దారి మెలికలు తిరుగుతుంది, అడ్డంకులు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండో రకం గురించి.

కంచె ముందు పుట్టింది, పందెం తరవాత

1752లో ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో కొర్నీలియస్ ఓకాలగన్, ఎడ్మండ్ బ్లేక్ అనే ఇద్దరు పందెం కట్టారని చెబుతారు. బటవెంట్ చర్చి దగ్గర మొదలై డనరైల్ చర్చి దగ్గర ముగియాలి. దూరం సుమారు 7 కిలోమీటర్లు. దారి ఏదీ నిర్ణయించలేదు. ఎదురుగా కనిపించే చర్చి శిఖరమే (స్టీపుల్) గురి. మధ్యలో గోడ వచ్చినా, వాగు వచ్చినా దాటుకుని పోవాల్సిందే.

ఇది ఆ ఇద్దరి సరదాగానే మిగిలిపోకపోవడానికి కారణం భూమిలో వచ్చిన మార్పు. 18వ శతాబ్దం మధ్య నుంచి సుమారు వందేళ్ల పాటు ఇంగ్లండ్‌లో ఉమ్మడి బయళ్లను పార్లమెంటు చట్టాలతో విడదీసి సొంత కమతాలుగా మార్చారు. ప్రతి కమతం చుట్టూ ముళ్ల పొదల కంచె, పక్కనే కందకం. అంతకుముందు నక్కల వేటకు వెళ్లేవాళ్లు బయలు మీద సాఫీగా స్వారీ చేసేవారు. ఇప్పుడు నక్క కంచె కింద నుంచి దూరిపోతుంది, వెంట పడినవాడు కంచె మీదుగా దూకాలి. దూకగల గుర్రానికి విలువ పెరిగింది. ఎవరి గుర్రం బాగా దూకుతుందనే వాదన పందెంగా మారింది. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో 1839లో జరిగిన పందేన్ని మొదటి గ్రాండ్ నేషనల్‌గా లెక్కిస్తారు. ఆ పందెంలో వాగులో పడ్డ కెప్టెన్ బెచర్ పేరే ఆ వాగు దగ్గరి కంచెకు ఇప్పటికీ ఉంది.

సరిగ్గా అదే కాలంలో గోదావరి డెల్టా మరో దారి పట్టింది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు తవ్వారు. వర్షం మీద, వరద మీద ఆధారపడ్డ భూమి వరుసగా వరి పొలంగా మారింది. అక్కడ భూమిని విడదీసింది పశువుల కోసం, ఇక్కడ మలిచింది నీటి కోసం. తేడా అంతా ఇక్కడే ఉంది. గొర్రెను, ఎద్దును ఆపాలంటే కంచె మనిషి నడుము దాటాలి. నీటిని ఆపడానికి అడుగు ఎత్తు గట్టు చాలు. ఇంగ్లండ్ రైతు పశువుల కోసం పెంచిన కంచె గుర్రానికి సవాలు అయింది. డెల్టా రైతు నీటి కోసం వేసిన గట్టు గుర్రానికి కాలు మడతపడే చోటు అవుతుంది తప్ప సవాలు కాదు.

క్రాస్‌కంట్రీలో గుర్రం చేసే పని

ఐరోపాలో ఈ రకం పందేల్లో పేరున్నది చెక్ దేశంలోని పార్డుబిట్సే పట్టణంలో 1874 నుంచి జరుగుతున్న వెల్కా పార్డుబిట్స్కా. 6,900 మీటర్లు, 31 అడ్డంకులు. మధ్యలో దున్నిన నేల మీద కూడా పరిగెత్తాలి. తాక్సిస్ అనే దాని నాలుగో అడ్డంకి ఎత్తైన పొదల కంచె. వెనుక వెడల్పాటి కందకం ఉంటుంది, అది గుర్రానికి దూకేదాకా కనపడదు. 1937లో ఈ పందెం గెలిచిన లాటా బ్రాండిసోవా ఇప్పటికీ దాన్ని గెలిచిన ఏకైక మహిళా రౌతు. యోసెఫ్ వాన్యా అనే జాకీ ఎనిమిదిసార్లు గెలిచాడు, చివరిసారి 2011లో, 58 ఏళ్ల వయసులో.

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో సుమారు 6 కిలోమీటర్ల క్రాస్‌కంట్రీ పందెం ఉంది, అడ్డంకులు 32. ఫ్రాన్స్‌లోని లియోన్ దాంజేలో 7,300 మీటర్లలో 50 అడ్డంకులు. అమెరికాలో 1894లో మొదలైన మేరీల్యాండ్ హంట్ కప్ నాలుగు మైళ్లది. అందులో 22 అడ్డంకులూ గట్టి దుంగలతో చేసినవే. పొదల కంచెను గుర్రం పొట్టతో రాసుకుంటూ పోయినా పర్లేదు. దుంగకు కాలు తగిలితే దుంగ కదలదు, గుర్రమే పడుతుంది.

ఐర్లండ్ పద్ధతిలో ఉండే మట్టిగట్టు డెల్టావాళ్లకు తెలిసినట్టే అనిపిస్తుంది గానీ తీరు వేరు. మనిషి ఎత్తు గట్టు మీదికి గుర్రం ఒక్క దూకులో ఎక్కి, పైన ఒక్క క్షణం కాళ్లు సర్దుకుని, అవతలికి దిగుతుంది. దీనికి వేగం కంటే తెలివి కావాలి. అందుకే క్రాస్‌కంట్రీలో మామూలు స్టీపుల్‌చేజ్ కంటే వేగం తక్కువ, గుర్రాల వయసు ఎక్కువ. ట్రాక్ మీద విసిగిపోయిన ముసలి గుర్రాలు ఇక్కడికొచ్చి మళ్లీ ఉత్సాహంగా పరిగెత్తడం మామూలే. టైగర్ రోల్ అనే గుర్రం చెల్టెన్‌హామ్ క్రాస్‌కంట్రీ మూడుసార్లు గెలిచింది. 2018, 2019లలో అదే గుర్రం గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది. జాకీకి దారి గుర్తుండాలి. మలుపు తప్పి జెండాకు అవతలి వైపు నుంచి వెళ్తే పందెం పోయినట్టే.

64 మీటర్లకో గట్టు

ఇప్పుడు అదే 7 కిలోమీటర్ల దూరాన్ని పాలకొల్లు చుట్టుపక్కల పొలాల మీద గీసి చూస్తే లెక్క స్పష్టమవుతుంది. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. ఎకరానికో మడి అనుకున్నా, 7 కిలోమీటర్లలో దాదాపు 110 గట్లు తగులుతాయి. నిజానికి మడులు చాలాచోట్ల ఇంకా చిన్నవి. గ్రాండ్ నేషనల్‌లో 6.9 కిలోమీటర్లకు 30 కంచెలు, అంటే సగటున 230 మీటర్లకు ఒకటి. ఆ పందెం సుమారు 9 నిమిషాల్లో ముగుస్తుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగం అన్నమాట. ఆ వేగంతో డెల్టా చేలో వెళ్లే గుర్రానికి ప్రతి 5 సెకన్లకు ఒక గట్టు ఎదురవుతుంది. ఒకటి దాటి అంగలు సర్దుకునేలోపు రెండోది.

ఎక్కువ గట్లు ఉంటే పందెం ఇంకా రంజుగా ఉంటుంది కదా అనిపించవచ్చు. గుర్రం కన్ను పనిచేసే తీరు తెలిస్తే ఆ మాట నిలవదు. గుర్రానికి నీలం, పసుపు రంగులే బాగా తెలుస్తాయి. నారింజకు, ఆకుపచ్చకు తేడా దానికి సరిగా అందదు. బ్రిటన్‌లో కంచెల అడుగున ఉండే నారింజ రంగు పట్టీలను తీసేసి తెల్లవి పెట్టింది ఈ కారణంతోనే. గుర్రం ఎత్తైన, గుబురైన, అంచు స్పష్టంగా కనిపించే అడ్డంకిని దూరం నుంచే అంచనా వేసి గౌరవిస్తుంది. గడ్డి కప్పేసిన అడుగు ఎత్తు గట్టును అది అడ్డంకిగానే లెక్కచేయదు. పైగా డెల్టా గట్లలో ఎలుక బొరియలు, పీతల బొక్కలు ఎన్ని ఉంటాయో రైతులకు చెప్పనక్కర్లేదు. మనిషి కాలే అందులో దిగబడుతుంది.

అయితే అసలు చిక్కు గట్టు కూడా కాదు, గట్టుకు అవతల ఉన్న నేల. గుర్రం బరువు 500 కిలోలు అనుకుంటే, దూకి దిగేటప్పుడు ఒక ముందు కాలి మీద పడే ఒత్తిడి ఒంటి బరువుకు రెండింతలకు పైగా ఉంటుంది. ఆ ఒత్తిడిని తీసుకునేది కాలి వెనుక ఉండే సన్నని నరంలాంటి స్నాయువు. నేల గట్టిగా ఉంటే దెబ్బ ఎముకకు, కీలుకు తగులుతుంది. మరీ మెత్తగా ఉంటే గిట్ట దిగబడి, పైకి లాగే ప్రయత్నంలో స్నాయువు తెగుతుంది. లాడం ఊడిపోవడం చిన్న నష్టం. అందుకే ఈ పందేల్లో నేల ఎలా ఉందో ముందుగా ప్రకటిస్తారు: గట్టి, మంచి, మెత్తన, బాగా మెత్తన, బరువైన నేల అంటూ మెట్లుంటాయి. ఎయింట్రీలో వానలు లేకపోతే నీళ్లు పెట్టి మరీ నేలను మెత్తబరుస్తారు. గ్రాండ్ నేషనల్ వేగ రికార్డు 1990లో మిస్టర్ ఫ్రిస్క్ పేరిట నమోదైంది, గట్టి నేల మీద. వేగం పెరిగితే పడ్డప్పుడు దెబ్బా పెరుగుతుంది కాబట్టి అలాంటి నేల మీద రికార్డులు ఇప్పుడు నిర్వాహకులకు అక్కర్లేదు.

డెల్టా వరి పొలం సంవత్సరమంతా ఈ కొలతల్లో ఎక్కడ ఉంటుంది? సార్వాకు జూన్, జులైలలో దమ్ము చేసి ఊడుస్తారు. దమ్ము అంటేనే పైమట్టిని అడుసుగా మార్చి, కింద నీరు ఇంకని గట్టి పొరను తయారుచేయడం. వరికి అది ప్రాణం. గుర్రానికి మాత్రం పైన ఊబి, కింద బండ. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. తడి ఆరకముందే దాళ్వా నాట్లు. దాళ్వా వేయని చోట కోతకు ముందే మినుములో పెసలో చల్లేస్తారు కాబట్టి చేను ఖాళీ కాదు. జనం పందేల ధ్యాసలో ఉండే సంక్రాంతి సరిగ్గా దాళ్వా బురదలో వస్తుంది. ఏప్రిల్లో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు చేలు ఖాళీయే. కానీ మే నెలకు నల్లమట్టి ఎండి నెర్రెలు విచ్చుతుంది, గుర్రపు గిట్ట ఇరుక్కునేంత వెడల్పుగా. ఎండ సంగతి వేరే చెప్పాలి.

మొత్తానికి, కోతకు, నెర్రెలకు మధ్య మిగిలే కొద్ది రోజులే నేల అనుకూలించే సమయం. అదీ ఆ ఏడు ఏప్రిల్ వానల్ని బట్టి.

కాలువలు దూకే అవకాశం

పిల్లకాలువలు, బోదెలు దూకడం మంచి గుర్రానికి కష్టం కాదు. షోజంపింగ్‌లో నీటి మీదుగా గుర్రం దూకిన రికార్డు పొడవు 8.40 మీటర్లు, 1975లో నమోదైంది. అది చదునైన మైదానంలో, ఒక్క దూకు కోసం సిద్ధం చేసిన గుర్రం సంగతి. డెల్టా డ్రెయిన్లు అంతకంటే వెడల్పు, అంచులు జారుడు, లోపల గుర్రపుడెక్క మొక్కలు. పంట కాలువల మాట చెప్పనే అక్కర్లేదు. ఎయింట్రీలో కూడా పక్కనే లివర్‌పూల్ కాలువ ఉంది. దాన్ని దూకరు. ఆ కంచె దూకగానే ఒక్కసారిగా ఎడమకు తిరుగుతారు, కెనాల్ టర్న్ అనే పేరు అలా వచ్చింది. నీటిని దాటడం పోటీగా మారితే ఈ ప్రాంతం పడవనే ఎంచుకుంది. ఆత్రేయపురం వైపు సంక్రాంతికి కాలువలో పడవ పోటీలు పెట్టడం నేల స్వభావానికి తగిన ఏర్పాటే.

ఉక్కపోత, జోరీగలు

పరిగెత్తే గుర్రం కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా కదలికగా మారదు. మిగిలిందంతా వేడి. ఆ వేడిని బయటికి పంపేది ప్రధానంగా చెమట. మనిషిలాగే ఒళ్లంతా చెమట పట్టే కొద్ది జంతువుల్లో గుర్రం ఒకటి. కానీ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అమలాపురం, రాజోలు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరకుండా కారిపోతుంది. నీరు, ఉప్పు నష్టపోవడమే తప్ప చల్లదనం ఉండదు. బ్రిటన్‌లో ఈ పందేల ప్రధాన సీజన్ చలికాలం చుట్టూ ఉండటానికి మెత్తటి నేలతో పాటు ఈ చల్లదనం కూడా కారణమే. టోక్యో ఒలింపిక్స్‌లో వేడి, తేమలకు భయపడే క్రాస్‌కంట్రీ దారిని కుదించి ఉదయం పూటే మొదలుపెట్టారు.

ఇంకో సమస్య నెమ్మదిగా బయటపడేది. చల్లని ప్రాంతం నుంచి వచ్చిన మేలుజాతి గుర్రాల్లో కొన్నిటికి తేమ ప్రాంతంలో కొన్ని నెలలుండేసరికి చెమట పట్టడమే ఆగిపోతుంది. బ్రిటిష్ కాలంలో ఉష్ణదేశాలకు తెచ్చిన గుర్రాల్లోనే దీన్ని ముందు గుర్తించారు. అలాంటి గుర్రాన్ని పరిగెత్తిస్తే వడదెబ్బే. నీరు నిలిచే చోట్ల జోరీగలు ఎక్కువ. అవి మోసే సర్రా వ్యాధి పశువుల్లో ఓ మోస్తరుగా ఉన్నా గుర్రాల్లో ప్రాణాంతకం. ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అప్పటి అవిభక్త భారతదేశంలోనే కనిపెట్టాడు. ఎప్పుడూ తడిగా ఉండే నేలలో గిట్టలు కుళ్లడం మరో బాధ.

డెల్టాలో ఒకప్పుడు జట్కాలు లాగిన గుర్రాలు బతకలేదా అంటే బతికాయి. అవి చిన్న జాతి తట్టువలు, గట్టి రోడ్ల మీద నెమ్మదిగా నడిచినవి. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో 7 కిలోమీటర్లు దూకుతూ పోయే గుర్రంతో వాటికి పోలిక లేదు.

పొలం ఎవరిది, తొక్కేది ఎవరు

కొత్త పందెం గురించి మాట్లాడేటప్పుడు అందరూ మరిచిపోయే మనిషి రైతు. ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో ఈ ఆట పెరగడానికి భూస్వాముల పెద్ద కమతాలు తోడ్పడ్డాయి. ఒకరిద్దరు ఒప్పుకుంటే దారి దొరికేది. ఇప్పటికీ అక్కడ ఔత్సాహికుల పాయింట్ టు పాయింట్ పందేలు పొలాల్లోనే జరుగుతాయి, గడ్డి బీళ్లలో. గడ్డిని గుర్రం తొక్కితే మళ్లీ మొలుస్తుంది. డెల్టాలో 110 మడులు అంటే పదుల కుటుంబాలు. వాటిలో చాలా భాగం కౌలుకు ఇచ్చినవి. భూమి యజమాని సరేనన్నా నష్టపోయేది కౌలుదారు. వరి తొక్కితే పోయినట్టే. చేపల చెరువులు తవ్విన చోట దారే లేదు.

అయితే పచ్చని చేలు తొక్కనివ్వడం ఇక్కడ ఎప్పుడూ జరగదని అనడానికీ లేదు. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల ప్రభలు చేల మీదుగానే వెళ్తాయి. గంగలకుర్రు వైపు ప్రభలను కౌశిక నది నీళ్లలో దింపి, భుజాల మీద అవతలి గట్టుకు చేరుస్తారు. చేను తొక్కారని ఎవరూ తగువు పెట్టుకోరు, పైగా స్వామి నడిచాడంటారు. క్రాస్‌కంట్రీ అనదగినది డెల్టాలో ఏదైనా ఉందంటే అదే. కానీ ఆ సమ్మతి దేవుడికి ఇచ్చింది. టికెట్టు పెట్టి, పందెం కాసి నడిపే ఆటకు అది దొరుకుతుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

చట్టం, డబ్బు

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తేల్చింది. ఆ తీర్పు చట్టబద్ధంగా నడిచే రేసుల గురించి. ఊరి చేలో గుర్రాలు పరిగెత్తించి ఎవరికి వారు పందెం కాసుకుంటే దానికి ఆ రక్షణ దొరకదు, రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. జంతువుల వైపు నుంచి చూస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనలు వర్తిస్తాయి. జల్లికట్టు మీద 2014లో సుప్రీంకోర్టు నిషేధం విధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకున్నాక 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఆ మినహాయింపు అక్కడ తరతరాలుగా ఉన్న ఎద్దుల ఆటలకు. కొత్తగా దిగుమతి చేసుకునే గుర్రాల దూకుడు పందేనికి సంప్రదాయం అనే వాదన ఉండదు.

దేశంలో ఇప్పుడు నడిచే రేసులన్నీ చదును ట్రాక్ మీదివే. తెలుగువారికి తెలిసిన మలక్‌పేట రేస్‌కోర్సులోనూ అంతే. బ్రిటిష్ కాలంలో కలకత్తా టాలీగంజ్ క్లబ్‌లో స్టీపుల్‌చేజ్‌లు జరిగేవి. పరిగెత్తించే దొరలు, సైనికాధికారులు వెళ్లిపోయాక ఆ ఆటా పోయింది. దీని వెనుక ఆర్థిక కారణం కూడా ఉంది. చదును ట్రాక్ గుర్రం రెండు మూడేళ్ల వయసులోనే పరిగెడుతుంది, గెలిస్తే ఆ తరవాత సంతానానికి ధర పలుకుతుంది. దూకే గుర్రానికి గ్రాండ్ నేషనల్ స్థాయికి చేరాలంటే కనీసం ఏడేళ్లు ఉండాలి. పైగా ఎక్కువ శాతం విత్తు కొట్టినవే కాబట్టి సంతానం మీద రాబడి సున్నా. అన్నేళ్లు మేపి, శిక్షణ ఇచ్చి, కాలు విరిగితే మొత్తం పోగొట్టుకునే పెట్టుబడి ఇది. పందేల మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి మొత్తం పందెం సొమ్ము మీద 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. ఉన్న క్లబ్బులకే టెన్షన్‌గా ఉన్న రోజుల్లో కొత్త రకం రేసు మీద డబ్బు పెట్టేవాళ్లు దొరకడం కష్టం.

ఆట పుట్టిన దేశాల్లోనూ గాలి ఎదురు తిరిగింది. ఎయింట్రీలో 2013 పందెం నాటికి కంచెల లోపలి చెక్క దిమ్మెలు తీసి మెత్తటి ప్లాస్టిక్ పెట్టారు. 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు, మొదటి కంచెను బయల్దేరే చోటికి దగ్గరగా జరిపారు. గుర్రాలు దానిదాకా మరీ వేగం పుంజుకోకూడదని. కంచె తేలికైతే గుర్రాలు ఇంకా వేగంగా వస్తాయి, ఆ వేగంతో మళ్లీ ప్రమాదం అనే విమర్శ దీనికి ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. ఆస్ట్రేలియాలో ఈ పందేలు ఇప్పుడు విక్టోరియా రాష్ట్రానికే పరిమితం. దక్షిణ ఆస్ట్రేలియాలో 2021తో ఆగిపోయాయి.

వీలున్న చోటు

పార్డుబిట్సేలో, చెల్టెన్‌హామ్‌లో కూడా ఇప్పుడు ఎవరూ రైతుల చేల మీదుగా పరిగెత్తడం లేదు. గట్లు, కందకాలు, పొదలు అన్నీ ఒక ఆవరణలో కట్టినవే. నీరు పోయే ఏర్పాటు, గడ్డి పెంపకం, దెబ్బ తగిలిన గుర్రాన్ని తరలించే వాహనం అన్నీ అందులో భాగం. ఆ పద్ధతిలో ఆలోచిస్తే డెల్టా నడిబొడ్డు కాకుండా అంచు కనిపిస్తుంది. పెద్దాపురం, రాజానగరం వైపు ఎర్రనేలల్లో నీరు నిలవదు, నెర్రెలు పెద్దగా విచ్చవు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో చలీ ఉంటుంది. అక్కడ రెండు కిలోమీటర్ల దారిని మెలికలు తిప్పి, నడుము ఎత్తు దాటని అడ్డంకులు పెట్టి, గుర్రాలను ఒక్కొక్కటిగా పంపే ఈవెంటింగ్ తరహా పోటీ సాధ్యమే. గుంపుగా పరిగెత్తకపోతే ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం పోతుంది. రేసుల నుంచి తప్పుకున్న హైదరాబాద్ గుర్రాల్లో కొన్నిటికి కొత్త పని కూడా దొరుకుతుంది, అయితే చదును మీద పరిగెత్తడం అలవాటైన గుర్రానికి దూకడం నేర్పడానికి నెలలు పడుతుంది.

సముద్రతీరం సంగతీ తరచూ వినిపిస్తుంది. ఐర్లండ్‌లో లేటౌన్ బీచ్ మీద 19వ శతాబ్దం నుంచీ గుర్రప్పందేలు ఉన్నాయి, ఆటు సమయంలో తడి ఇసుక మీద. అంతర్వేది వైపు తీరంలో అలాంటిది ఊహించడం కష్టం కాదు. కానీ లేటౌన్‌లో జరిగేవి చదును పరుగులు, కంచెలుండవు. ఇసుకలో దూకి దిగితే కాలు ఎంత లోతు పోతుందో ముందుగా చెప్పలేం. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఈ తీరంలో గుర్రాలను తిప్పాలంటే అటవీశాఖ ఊరుకోదు.

ఎవరైనా ముందుకొస్తే మొదటి ఖర్చు గుర్రాల మీద కాదు, నేల మీద పెట్టాల్సి ఉంటుంది: మురుగు పోయే గొట్టాలు, ఇసుక కలిపిన పైపొర, రెండు మూడేళ్లు తొక్కకుండా పెంచిన గడ్డి. ఆ తరవాత గుర్రాల ఎముకలు చూడగల పశువైద్యుడు. గోదావరి జిల్లాల పశువైద్యం ఎక్కువగా గేదెల చుట్టూ, కోళ్ల చుట్టూ పెరిగింది కాబట్టి ఆ వైద్యుడిని బయటి నుంచే తెచ్చుకోవాలి.